పాలసీ కొంటామని వచ్చినాయన చేతికి బాండ్ ఇచ్చేశాం, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఒడిశాలో గుణుపురం, రాయగడ జిల్లా. చిన్న బట్టల షాపు. మావారి పేరు మీద 2014లో పార్వతీపురం బ్రాంచ్‌లో 5 లక్షల ఎల్‌ఐసీ పాలసీ కట్టించాం, 21 ఏళ్లది, ఏడాదికి దగ్గర దగ్గర 24 వేలు, 11 కట్టాం. నామినీ నేనే. విజయనగరం హోల్‌సేల్ వాళ్లకి 2 లక్షలు బాకీ ఉండిపోయింది, వాళ్లు ఒత్తిడి చేస్తున్నారు. బ్రాంచ్‌లో అడిగితే సరెండర్ చేస్తే, అంటే పాలసీని మధ్యలోనే వదిలేసుకుంటే, 2,18,000 వస్తుందన్నారు. మా మరిది తన ఫ్రెండ్‌ని తీసుకొచ్చాడు, విశాఖ ఆయన, పాత పాలసీలు కొంటాడట, మాకు 2,40,000 ఇస్తానన్నాడు. అమెరికాలో అందరూ ఇలాగే అమ్ముకుంటారని వీడియో చూపించాడు, మన సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుందని ఒక ప్రింటవుట్ ఇచ్చాడు. నామినీగా నా పేరు అలాగే ఉంటుందన్నాడు. వెరిఫికేషన్‌కి అని ఒరిజినల్ బాండ్ పట్టుకెళ్లాడు, మావారి చేత ఒక ఖాళీ ఫారం మీద సంతకం కూడా పెట్టించాడు. మావారికి తెలుగు తప్ప చదవడం రాదు, రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. నాకెందుకో భయంగా ఉంది. ఇది చట్టప్రకారం కరెక్టేనా? పాలసీ ఆంధ్రాలోది, మేం ఒడిశాలో ఉన్నాం కదా, ఏ రాష్ట్రం రూల్ మాకు వర్తిస్తుంది?

సమాధానం:

చెల్లెమ్మా, కరెక్టా కాదా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ బాండ్ వెనక్కి తెచ్చుకోండి. రేపో ఎల్లుండో కాదు, ఇవాళే మరిదిని పంపించండి, ఖాళీ ఫారం కూడా తెమ్మనండి, ఫోటోలు తీసుకున్నా పర్లేదు గానీ ఆ రెండు కాగితాలూ మీ ఇంట్లో ఉండాలి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే పాలసీని ఇంకొకరి పేరుకి మార్చడం మన చట్టంలో చాలా తేలికైన పని. ఇన్సూరెన్స్ చట్టం 1938, సెక్షన్ 38, దీన్నే అసైన్‌మెంట్ అంటారు. బాండ్ వెనకాలే నాలుగు లైన్లు రాసి పాలసీదారు సంతకం పెట్టి ఒక్క సాక్షి సంతకం చేస్తే చాలు, బాండ్ మీదే రాస్తే స్టాంప్ డ్యూటీ కూడా అక్కర్లేదు, వేరే కాగితం మీద రాస్తేనే స్టాంప్ కావాలి. ఇలా రాసి ఇచ్చామని తెలిపే నోటీసు కంపెనీకి అందిన రోజు నుంచీ కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. బాండూ సంతకమూ రెండూ ఆయన దగ్గరే ఉన్నాయంటే మిగిలింది సాక్షి ఒక్కడే, వాడు దొరకడం ఎంతసేపు.

అందుకని మరిది ఆ పని మీద ఉండగానే మీవారి చేత పార్వతీపురం బ్రాంచ్ మేనేజర్‌కి ఒక ఉత్తరం రాయించండి, తెలుగులో రాసినా చాలు, పాలసీ నంబర్ వేసి, నేను ఈ పాలసీని ఎవరికీ అసైన్ చెయ్యలేదు, నా సంతకంతో ఏ నోటీసైనా వస్తే నన్ను పిలిచి అడక్కుండా నమోదు చెయ్యొద్దు అని. ఎవరైనా పార్వతీపురం వెళ్లేవాళ్లుంటే చేత్తో ఇచ్చి రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని తేవాలి, లేదంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. రెండు రోజుల్లో బాండ్ రాకపోతే గుణుపురం పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి ఆ కాపీ కూడా బ్రాంచ్‌కి పంపండి. మరిది నొచ్చుకుంటాడని ఆగకండి, ఆయన సంగతి చివర్లో చెప్తాను.

ఇక నామినీ మాట. మీ పేరు అలాగే ఉంటుందని ఆయన చెప్పింది పచ్చి అబద్ధం. పాలసీని అమ్మేసి ఇంకొకరికి పూర్తిగా అసైన్ చేస్తే ఆ క్షణమే నామినేషన్ దానంతటదే రద్దయిపోతుంది, సెక్షన్ 39లో స్పష్టంగా రాసి ఉంది, మిమ్మల్ని ఎవరూ అడగరు, మీ సంతకం అక్కర్లేదు, మీకు ఉత్తరం కూడా రాదు. ఆ తర్వాత మీవారికి ఏదన్నా అయితే (అలాంటిది జరక్కూడదు, కానీ ఇన్సూరెన్స్ ఉన్నదే దానికోసం) డబ్బంతా కొన్నవాడికి వెళ్తుంది, మీరు ఆఫీసుకి వెళ్లి అడిగినా మీకు ఏ హక్కూ ఉండదు. ఈ ఒక్క విషయంలో అబద్ధం చెప్పాడంటే మిగతా మాటలు నమ్మాల్సిన పని లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పాలసీలు కొనే వ్యాపారం చేసేవాడికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. ఇంకోటి, ఆ పాలసీ తీసుకున్నప్పుడు ప్రపోజల్‌లో వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద అని టిక్ పెట్టారేమో బ్రాంచ్‌లో కనుక్కోండి. పెట్టి ఉంటే అది మీ పేరిటా పిల్లల పేరిటా ట్రస్టు లాంటిది, మీవారు దాన్ని అమ్మలేరు, అప్పుడు గొడవే లేదు.

మీరు రాసిన అంకెలు పట్టుకుని లెక్క కూడా వేశాను, కొంచెం ఓపిగ్గా చదవండి. ఎల్‌ఐసీ ఏటా మీ పాలసీకి కలిపే బోనస్ వెయ్యికి ఏడాదికి 45 రూపాయల చొప్పున అనుకుందాం, అసలు రేటు ఎంతో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, అది తీసుకుని చూస్కోండి. 5 లక్షల మీద ఏడాదికి 22,500, 11 ఏళ్లకి 2,47,500. అంటే ఇవాళ మీవారి మీద ఉన్న కవర్ (ఆయనకి ఏదన్నా అయితే వచ్చే డబ్బు) 5 లక్షలు కాదు, 7,47,500. ఆ విశాఖ ఆయన మీకిచ్చేది 2,40,000. తర్వాత 10 ప్రీమియంలు ఆయనే కడతాడు, ఇంకో 2,40,000, మొత్తం ఆయన పెట్టుబడి 4,80,000. ఇదే బోనస్ కొనసాగితే చివర్లో ఆయన చేతికి వచ్చేది 9,72,500. ఏడాదికి 9 శాతం దగ్గర పడుతుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్ కన్నా మెరుగే. అది కూడా మీవారు 21 ఏళ్లూ బతికి ఉంటే వచ్చే లెక్క. మధ్యలో ఏదన్నా జరిగితే ఆయన పెట్టుబడి చాలా తక్కువ, వచ్చేది చాలా ఎక్కువ. స్టెంట్ వేసిన మనిషి పాలసీ అంటే ఆయనకి ఎందుకంత ఆసక్తో మీకు అర్థమయ్యే ఉంటుంది. సరెండర్ కన్నా 22 వేలు ఎక్కువ ఇస్తున్నాడని మీరు చూస్తున్నారు, ఆయన చూస్తున్నది ఆ చివరి అంకె.

సుప్రీంకోర్టు ప్రింటవుట్ గురించి. ఆ కేసు నిజమే, ఆయన కల్పించింది కాదు. ఇన్ష్యూర్ పాలసీ ప్లస్ సర్వీసెస్ అని ఒక కంపెనీ జనం వదిలేద్దామనుకున్న పాలసీలు సరెండర్ కన్నా కాస్త ఎక్కువ ఇచ్చి కొనేది. ఇలాంటి వ్యాపారం కోసం చేసే అసైన్‌మెంట్లు మేం నమోదు చెయ్యం అని ఎల్‌ఐసీ 2003లో, 2005లో సర్క్యులర్లు ఇచ్చింది. 2007లో బాంబే హైకోర్టు ఆ సర్క్యులర్లు చెల్లవంది, 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ పక్షానే నిలబడింది. పాలసీ ఒక ఆస్తి, చట్టం అమ్ముకోవచ్చని చెప్తుంటే సర్క్యులర్‌తో ఆపడం కుదరదు అని. ఇంతవరకూ ఆయన చెప్పింది కరెక్టు. ఆయన చెప్పనిది ఏంటంటే ఆ తీర్పు పాత సెక్షన్ 38 మీద వచ్చింది, ఆ సెక్షన్‌నే 2015 సవరణ చట్టంలో మార్చేశారు. ఇప్పుడున్న సెక్షన్ ప్రకారం ఆ అసైన్‌మెంట్ నిజాయితీగా చేసింది కాదనో, పాలసీదారుకి మేలు చేసేది కాదనో, ప్రజాప్రయోజనానికి విరుద్ధమనో, పాలసీల వ్యాపారం కోసమనో నమ్మడానికి తగిన కారణం ఉంటే కంపెనీ దాన్ని నమోదు చెయ్యనని చెప్పొచ్చు. ఊరికే చెప్పడం కుదరదు, కారణాలు రాసి నోటీసు ఇచ్చిన 30 రోజుల్లో తెలియజెయ్యాలి, ఒప్పుకోనివాళ్లు ఆ ఉత్తరం అందిన 30 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి వెళ్లొచ్చు. కాబట్టి కోర్టు ఒప్పుకుంది అన్న మాట సగం నిజం, మీ కేసులో పనికొచ్చేది మిగతా సగం.

ఇక్కడే మీ ఇంకో ప్రశ్న కలుస్తుంది, ఏ రాష్ట్రం రూల్ అని. బోర్డర్‌లో ఉండేవాళ్లకి ఈ అనుమానం ఎప్పుడూ ఉంటుంది, రేషన్ కార్డు ఒకచోట, పొలం పాస్‌బుక్ ఒకచోట, పిల్లల స్కూల్ సర్టిఫికెట్ ఒడియాలో, పెద్దవాళ్ల కాగితాలు తెలుగులో, ప్రతిదానికీ ఈ ఆఫీసు కాదు ఆ ఆఫీసు అని తిప్పుతారు. ఇన్సూరెన్స్‌లో మాత్రం ఆ బాధ లేదు. రాజ్యాంగంలో ఇన్సూరెన్స్ కేంద్ర జాబితాలో 47వ అంశం, ఒడిశాకి వేరే చట్టం ఆంధ్రాకి వేరే చట్టం ఉండవు, దేశమంతటికీ ఒకటే చట్టం, ఒకటే నియంత్రణ సంస్థ, అదే హైదరాబాద్‌లో ఉన్న ఐఆర్‌డీఏఐ. పార్వతీపురం పాలసీకి గుణుపురం మనిషి ఏ బ్రాంచ్‌లో అయినా ప్రీమియం కట్టొచ్చు, సర్వీసింగ్ బ్రాంచ్‌ని ఒడిశా వైపు మార్చమని దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. కంపెనీతో పేచీ వస్తే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ అని ఫిర్యాదులు విని తేల్చే అధికారి ఉన్నారు, బ్రాంచ్ ఉన్న ప్రాంతాన్ని బట్టి అయినా మీరుండే ప్రాంతాన్ని బట్టి అయినా వెళ్లొచ్చు, అంటే హైదరాబాద్ ఆఫీసుకైనా భువనేశ్వర్ ఆఫీసుకైనా. ముందు కంపెనీకి కంప్లైంట్ ఇచ్చి ఉండాలి, అంతే, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఫోన్ చేసి చెప్పాలంటే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా నంబర్ 155255.

రాష్ట్రానికో రూల్ ఉన్నది ఆయన వీడియోలో చూపించిన అమెరికాలోనే. అక్కడి కథ 1911 నాటి సుప్రీంకోర్టు కేసుతో మొదలైంది. బర్చర్డ్ అని ఒకాయనకి ఆపరేషన్‌కి డబ్బు లేదు, ప్రీమియం కూడా బాకీ పడ్డాడు, గ్రిగ్స్‌బీ అనే డాక్టర్‌కి తన పాలసీ 100 డాలర్లకి అమ్మేశాడు, ఇక నుంచి ప్రీమియంలు ఆ డాక్టరే కట్టాలని షరతు. ఆయన పోయాక డబ్బు ఎవరిదని గొడవొస్తే జస్టిస్ హోమ్స్ అమ్మకం చెల్లుతుందన్నారు. తర్వాత 1980ల చివర్లో ఎయిడ్స్ వచ్చిన కుర్రాళ్లు మందులకీ ఇంటి అద్దెకీ పాలసీలు అమ్ముకోవడం మొదలెట్టారు, కొనేవాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, మోసగాళ్లూ ఉన్నారు. మోసాలు పెరిగేసరికి రాష్ట్రాలు కళ్లు తెరిచాయి, ఎందుకంటే అక్కడ ఇన్సూరెన్స్ నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో పాలసీ కొనే కంపెనీకి లైసెన్స్ ఉండాలి, మధ్యలో ఉండే బ్రోకర్‌కి లైసెన్స్ ఉండాలి, అమ్మాక మనసు మారితే కొద్ది రోజుల్లో డబ్బు తిరిగిచ్చి పాలసీ వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి, పాలసీ తీసుకున్న 2 ఏళ్ల లోపు అమ్మకూడదు, కొన్ని రాష్ట్రాల్లో అది 5 ఏళ్లు. పెద్ద వయసు వాళ్ల చేత అమ్మడం కోసమే కొత్తగా పాలసీ తీయించే మోసం కూడా జరిగింది, దాన్ని ఆపడానికే ఆ గడువు. ఇంకో ముఖ్యమైన రూల్ ఉంది చూడండి, అమ్మడం కాకుండా మీకు వేరే దారులు కూడా ఉన్నాయి అని అమ్మేవాళ్లకి రాతపూర్వకంగా చెప్పాలి. మీ దగ్గరికి వచ్చినాయన ఎల్‌ఐసీ లోన్ అన్న మాట ఒక్కసారైనా ఎత్తాడా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మన దగ్గర ఆ కాపలా ఏదీ లేదు. పాలసీలు కొనేవాళ్లకి ఐఆర్‌డీఏఐ ఇచ్చే లైసెన్స్ అంటూ ఒకటి లేదు. ఆయన ఏదో కార్డు చూపిస్తే అది కంపెనీ కొత్త పాలసీలు అమ్మడానికి ఇచ్చిన ఏజెంట్ కార్డు అయి ఉంటుంది, మీ పాలసీ కొనడానికి కాదు. ధర ఎలా కట్టాలి, కమీషన్ ఎంత, మీ ఆరోగ్యం కాగితాలు ఎవరికి చూపించొచ్చు, కొన్నవాడు మళ్లీ ఇంకొకడికి అమ్మొచ్చా, వీటిలో ఒక్కదానికీ మీ వైపు నిలబడే రూల్ లేదు. పూర్తిగా నిషేధించలేదు, పూర్తిగా అనుమతించనూ లేదు, ఆ మధ్య సందులో ఇలాంటివాళ్లు తిరుగుతున్నారు. ఇది మారాలని నేను గట్టిగా అనుకుంటాను. పిల్లలు స్థిరపడిపోయి, ఆధారపడేవాళ్లు ఎవరూ లేక, పాలసీ ఎలాగూ సరెండర్ చేసేద్దామనుకునే పెద్దాయనకి ఆ 22 వేలు చాలా డబ్బు, ఆయన హాయిగా అమ్ముకునేలా లైసెన్సులు పెట్టి దారి వెయ్యాలి, లేదా వద్దు అని ఒక్క మాటలో చెప్పెయ్యాలి. వ్యాపారం కోసం అయితే తిరస్కరించొచ్చు అని రాసి ఏది వ్యాపారమో చెప్పకుండా వదిలేస్తే నష్టపోయేది కాగితం చదవడం రానివాళ్లే. కానీ అది మారేలోపు మీ ఇంటి సంగతి చూసుకోవాలి కదా.

మీ ఇంటికి నా సలహా లోన్. మీ పాలసీ బతికే ఉంది కాబట్టి సరెండర్ విలువలో 90 శాతం దాకా ఎల్‌ఐసీయే ఇస్తుంది, 2,18,000కి లెక్కేస్తే 1,96,200. మీ బాకీ 2 లక్షలు. అంటే 4 వేల తేడాలో పని అయిపోతుంది. వడ్డీ 9.5 శాతం అనుకుంటే ఆరు నెలలకోసారి సుమారు 9,300 కట్టాలి, మీ పాలసీకి ఇవాళ రేటు ఎంతో బ్రాంచ్‌లో అడిగి రాసుకోండి. అసలు మీకు వీలున్నప్పుడు కొంచెం కొంచెంగా తీర్చొచ్చు, దసరాకో పెళ్లిళ్ల సీజన్‌కో షాపులో డబ్బు ఆడుతుంది కదా అప్పుడు కట్టండి. వడ్డీ మాత్రం వదిలెయ్యకండి, అది అసలుకి కలిసిపోతూ పెరిగిపోతే చివరికి పాలసీనే మింగేస్తుంది, అదొక్కటే దీంట్లో భయపడాల్సింది. లోన్‌కి కూడా పాలసీని ఎల్‌ఐసీకి అసైన్ చేస్తారు, బాండ్ వాళ్ల దగ్గర పెడతారు, కానీ ఈ అసైన్‌మెంట్‌తో మీ నామినేషన్ రద్దవదు. ఏదన్నా అయితే అప్పూ వడ్డీ పోను మిగతాదంతా మీకే వస్తుంది, అమ్మేస్తే మీకు సున్నా.

ఏడాదికి 24 వేలు ప్రీమియం, పైన వడ్డీ, రెండూ మోయలేం అనిపిస్తే పాలసీ పెయిడప్ అవుతుంది, అంటే ఇక ప్రీమియం కట్టకపోయినా కట్టిన 11 ఏళ్లకి తగ్గ కవర్ ఉంటుంది, మీ లెక్కలో అది సుమారు 2,62,000, ఇప్పటిదాకా పడిన బోనస్ దానికి అదనం. కొత్త బోనస్ రాదు. నేనైతే అది ఆఖరి మార్గంగా ఉంచుకోమంటాను. స్టెంట్ పడ్డాక మీవారికి కొత్తగా 5 లక్షల పాలసీ దొరకడం చాలా కష్టం, ఒకవేళ ఇచ్చినా ప్రీమియం మోయలేనంత వేస్తారు. ఇప్పుడు ఉన్న కవర్ ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకున్నది, మూడేళ్లు దాటింది కాబట్టి సెక్షన్ 45 ప్రకారం పాత విషయాలు తవ్వి కంపెనీ దాన్ని కాదనలేదు. ఇలాంటి పాలసీని ఈ వయసులో డబ్బు పోసినా మళ్లీ కొనలేరు చెల్లెమ్మా.

మీవారికి ఇంగ్లీషు రాదు కాబట్టి ఇంకో జాగ్రత్త. తెలుగులో సంతకం పెట్టేవాళ్ల ఫారంలో కింద ఒక డిక్లరేషన్ ఉంటుంది, ఇందులో ఉన్నది ఆయన భాషలో చదివి వివరించాను, అర్థం చేసుకుని సంతకం పెట్టారు అని వేరే మనిషి రాసి సంతకం చెయ్యాలి. ఇది ఊరికే ఫార్మాలిటీ అనుకుని మనవాళ్లు ఎవరు పడితే వాళ్ల చేత చేయించేస్తారు, కొనేవాడే ఆ వివరించిన మనిషి అయిపోతాడు. లోన్ ఫారం పెట్టేటప్పుడు మీకు నమ్మకమైనవాళ్లు, తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చినవాళ్లు, ఎవరన్నా టీచర్ గారో, కాలేజీ చదివే మీ ఇంటి పిల్లలో, పక్కన కూర్చుని ప్రతి లైనూ చదివాకే ఆయన చేత సంతకం పెట్టించండి. ఖాళీ గడులు అన్నీ గీత కొట్టించండి.

ఇక మరిది. ఆయన చెడ్డ ఉద్దేశంతో తెచ్చాడని మీరు రాయలేదు, నాకూ అలా అనిపించలేదు, అన్న బాకీ తీరుతుందనే తెచ్చి ఉంటాడు. నీ ఫ్రెండ్ మోసగాడు అని మొదలెడితే ఇంట్లో గొడవ అవుతుంది, బాండ్ కూడా ఆలస్యమవుతుంది. లోన్‌కి ఒరిజినల్ బాండ్ కావాలి, బ్రాంచ్‌లో అడిగారు, అది తెచ్చిపెట్టు అని చెప్పండి, అది నిజం కూడా, బాండ్ లేకపోతే లోన్ రాదు. బాండ్ చేతికొచ్చాక పార్వతీపురం వెళ్లేటప్పుడు ఆయన్నే తోడు తీసుకెళ్లండి, నామినేషన్ సంగతి, లోన్ లెక్క అక్కడి కౌంటర్‌లో ఆయన ముందే అడగండి. ఖాళీ ఫారం మాత్రం మీవారి కళ్లెదుటే చింపెయ్యాలి, చింపేశాం అని ఫోన్‌లో చెప్తే ఒప్పుకోవద్దు.